జానెడు దూరంలో మైకు, బారెడు దూరంలో ఫోను: సెల్ఫ్ టేప్ ఆడిషన్‌కు ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు

ఒకప్పుడు తెలుగు సినిమాలో వేషం కావాలనుకున్నవారు ఫోటోల ఆల్బమ్ చంకన పెట్టుకొని మద్రాసు రైలెక్కేవారు. వడపళనిలో విజయా వాహినీ గేటు దగ్గరో, టి. నగర్‌లో పానగల్ పార్కు దగ్గరో పడిగాపులు కాసేవారు. ఇప్పుడు దారి తిరగబడింది. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయాక ఇక్కడ చెన్నైలోనే ఉండిపోయిన తెలుగు కుటుంబాల పిల్లలూ, నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో చదువుకని వచ్చి నాటకాలు, డబ్బింగ్, షార్ట్ ఫిల్ములు చేసుకుంటూ ఇక్కడే స్థిరపడినవారూ సాలిగ్రామంలోని ఒక అద్దె గదిలో నిలబడి, తమ నటనను తామే రికార్డు చేసుకొని హైదరాబాదుకు పంపుతున్నారు. సెల్ఫ్ టేప్ అంటే ఇదే. 2020లో కోవిడ్ వచ్చి ఆఫీసులు మూతపడినప్పుడు తప్పనిసరై వ్యాపించిన ఈ పద్ధతి ఆ తర్వాత కూడా పోలేదు, ఎందుకంటే తొలి వడపోతకు ఇది నిర్మాతకు చవక, కాస్టింగ్ వారికి సులువు. భారమంతా నటుడి మీద పడింది. అమెరికాలో 2023లో 118 రోజులు సాగిన నటుల సమ్మెలో ఈ భారం కూడా ఒక వివాదాంశమై, చివరికి కుదిరిన ఒప్పందంలో సెల్ఫ్ టేపులకు కొన్ని హద్దులు చేరాయి. ఇక్కడ మాత్రం ఎవరి తిప్పలు వారివే.

పదేళ్ళుగా తెలుగు డబ్బింగ్ గదుల్లో మైకుల మధ్య తిరుగుతున్నందువల్ల కాబోలు, ఈ పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఏ కెమెరా కొనమంటారు?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం కాదు, కానీ అడగవలసిన ప్రశ్నల వరుసలో ఇది అన్నిటికంటే చివరిది. చాలామంది ముందు కెమెరాకో ఖరీదైన ఫోనుకో అప్పు చేసి, తర్వాత రింగ్ లైటు కొని, మిగిలిన చిల్లరతో మైకు సంగతి చూస్తారు, గది సంగతి అసలు చూడరు. నా లెక్కలో ఈ వరుసను తలకిందులు చేయాలి. ముందు గది, తర్వాత మైకు, ఆ తర్వాత వెలుతురు, స్టాండు. కెమెరా వంతు వచ్చేసరికి చేతిలో ఉన్న ఫోనే చాలునని తేలుతుంది.

అలా ఎందుకో తెలియాలంటే అవతల చూసేవారి పరిస్థితిని ఊహించుకోవాలి. ఒక చిన్న పాత్రకు పదుల సంఖ్యలో వచ్చిన వీడియోలను వారు ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని, వరుసగా చూస్తుంటారు. వారికి కావలసినవి రెండు: కళ్ళు కనిపించాలి, మాట వినిపించాలి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా నటన బాగుంటే చూస్తారు. మాట ఫ్యాను హోరులో కలిసిపోతే పది సెకన్లకే తర్వాతి వీడియోకు వెళ్ళిపోతారు. పైగా తెలుగు ఆడిషన్‌లో మాటకు ఇంకొక బరువుంది. గోదావరి యాస పలుకుతుందా, తెలంగాణ మాట నోరు తిరుగుతుందా అని చూడడం ఒకటైతే, మద్రాసు నుంచి వచ్చిన టేపు అనగానే ఒత్తులు సరిగ్గా పలుకుతున్నాయా అని చెవి రిక్కించడం మరొకటి. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకే అక్షరం. ఆ బడిలో చదువుకున్న మనవాళ్ళ నోట భయం 'బయం'గా, ధైర్యం 'దైర్యం'గా మారుతుందన్న అనుమానం అవతలివారికి ముందే ఉంటుంది. మీరు ఒత్తు పలికినా రికార్డింగులో అది నిలవకపోతే పలకనట్టే లెక్క.

అందుకే బ్లూటూత్ ఇయర్‌బడ్లను మైకుగా వాడడం తగదని గట్టిగా చెప్తాను. పాట వినేటప్పుడు అవి బాగానే ఉంటాయి. వాటి మైకు పనిచేయడం మొదలుపెట్టగానే చాలా ఫోన్లలో ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతాయి. ఆ పద్ధతిలో ధ్వనిని సెకనుకు 8,000 సార్లో 16,000 సార్లో మాత్రమే కొలుస్తారు, కాబట్టి అందులో సగానికి, అంటే 4,000 లేదా 8,000 హెర్ట్జులకు పైనున్న ధ్వని ఏదీ మిగలదు. మన స, శ, ష ల మధ్య తేడాను మోసే సన్నని గాలి శబ్దంలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జులకు పైనే ఉంటుంది. ఫోనులో పేరు చెప్పేటప్పుడు "స... సీతలో స" అని విడమరచవలసి రావడం అందరికీ అనుభవమే. అదే గొంతుతో ఆడిషన్ పంపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక గది. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. చప్పట్టు వెనుక 'టింగ్'మని తోక వినిపిస్తే ఆ గదిలో ఎంత మంచి మైకు పెట్టినా గొంతు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. ఇక్కడి అద్దె పోర్షన్లలో కింద టైల్సో మొజాయికో, నాలుగు వైపులా సున్నం వేసిన గోడలు, పైన కాంక్రీటు. శబ్దాన్ని పీల్చుకునే వస్తువు ఒక్కటీ ఉండదు. దీనికి మందు దుకాణంలో అమ్మే సన్నని ఫోమ్ బిళ్ళలు కావు. అవి పైస్థాయి శబ్దాన్ని కొంత తగ్గిస్తాయి కాని గొంతులోని బరువైన భాగాన్ని పట్టుకోలేవు. బొంతలు, పరుపులు, దుప్పట్లు ఆ పనిని వాటికంటే బాగా చేస్తాయి. నటుడి మాట మొదట వెళ్ళి తగిలేది ఫోను వెనుక ఉన్న గోడకు, కాబట్టి బట్టలు ఆరేసే తీగను ఆ గోడ దగ్గర కట్టి రెండు బొంతలు వేలాడదీయాలి. కాళ్ళ కింద, ఫ్రేములో కనిపించని చోట, ఒక జంపఖానా పరచాలి. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచిపెట్టినా మేలే. మళ్ళీ చప్పట్టు కొట్టి చూస్తే తేడా చెవికే తెలుస్తుంది.

ఫ్యాను ఆపక తప్పదు. మే నెలలో, కత్తిరి ఎండల్లో, చెన్నైలో ఈ మాట చెప్పడం ఎంత క్రూరమో నాకు తెలుసు. గదిని ముందుగా చల్లబరుచుకొని, ఏసీ ఉంటే ఏసీ, లేకుంటే ఫ్యాను, టేకు మొదలయ్యేటప్పుడు ఆపి, మూడు నిమిషాల టేకు కాగానే మళ్ళీ వేసుకోవడమే మార్గం. చెమట తుడుచుకోవడానికి పక్కన ఒక తువ్వాలు ఉండాలి. ఇక సమయం విషయంలో ఒక చిక్కుంది. వెలుతురు పగలు కావాలంటుంది, నిశ్శబ్దం రాత్రి కావాలంటుంది. రాత్రి పదకొండు దాటాక వీధి సద్దుమణుగుతుంది కాని కిటికీలో వెలుగుండదు. పగలు కిటికీ వెలుగు ధారాళంగా ఉంటుంది కాని కింద కూరల బండివాడి మైకు, పక్కింటి మిక్సీ, ఆటోల హారన్లు. ఇక్కడ సూర్యోదయం ఏడాది పొడవునా సుమారు 5:40కీ 6:35కీ మధ్యనే ఉంటుంది కాబట్టి, పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర వరకు దొరికే గంట అన్నిటికంటే విలువైనది. మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, మాత్రం గుడి మైకులు ఆ గంటనూ తమ ఖాతాలో వేసుకుంటాయి.

మైకు విషయంలో అసలు సూత్రం ఒక్కటే: దూరం. దానికి మన పాత కొలతలే చక్కగా సరిపోతాయి. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. అంటే బారకు ఎనిమిది జానలు. ఫోను మీకు బారెడు దూరంలో ఉంటే దానిలోని మైకూ అంతే దూరంలో ఉంటుంది. కాలరుకు తగిలించే చిన్న మైకు నోటికి జానెడు కింద ఉంటుంది. దూరం సగమైన ప్రతిసారీ నేరుగా వచ్చే మాట సుమారు 6 డెసిబెల్లు పెరుగుతుంది. ఎనిమిది జానల నుంచి నాలుగుకు, నాలుగు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి వచ్చేసరికి మొత్తం 18 డెసిబెల్లు, అంటే ధ్వని పీడనం ఎనిమిది రెట్లు. అదే సమయంలో గది ప్రతిధ్వని, వీధి హోరు గదంతా ఇంచుమించు ఒకే స్థాయిలో పరుచుకొని ఉంటాయి కాబట్టి అవి పెరగవు. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే వైరు కాలర్ మైకు, బారెడు దూరంలో ఉన్న ఎంత గొప్ప ఫోను మైకునైనా ఓడించడానికి కారణం ఇదే. ఫోను మీదే బిగించే పొడుగాటి షాట్‌గన్ మైకులు చూడడానికి సినిమా సామగ్రిలా ఉంటాయి. కానీ ఫోను దూరంగా ఉన్నంతకాలం మైకూ దూరంగానే ఉంటుంది కాబట్టి డబ్బుకు తగ్గ ఫలితం రాదు. కాలరు మీద మైకు కనిపించడం ఇష్టం లేనివారు అదే షాట్‌గన్‌ను ఒక పొడుగాటి కర్ర చివర కట్టి, ఫ్రేముకు కాస్త పైనుంచి నోటి వైపు వేలాడదీస్తే అప్పుడది దాని పని చేస్తుంది.

వైరు మైకు కొనేటప్పుడు చూడవలసింది పిన్ను. 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే అది ఫోనుకు పనికొచ్చే రకం, రెండే ఉంటే కెమెరా రకం. రెండోది ఫోనులో పెడితే బయటి మైకు వచ్చిందని ఫోను గుర్తించదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఆ రంధ్రమే లేదు కాబట్టి టైప్-సి మైకో, సరైన కన్వర్టరో కావాలి. ఫోను వెంట తీసుకెళ్ళి, దుకాణంలోనే పెట్టి, రికార్డు చేసి, విని కొనడం ఉత్తమం. అన్నా సాలై పక్కనే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో అడిగితే చాలా దుకాణాల్లో కాదనరు, కాస్త విసుక్కుంటారంతే. కొన్ని వైరు మైకులకు మధ్యలో ఒక చిన్న డబ్బా, దాని మీద ఫోను, కెమెరా అని రెండు గుర్తుల మధ్య జరిగే మీట, లోపల బొత్తాం బ్యాటరీ ఉంటాయి. ఆ మీట సరైన వైపు లేకపోతే ఎంత అరిచినా రికార్డయ్యేది నిశ్శబ్దమే.

అన్నిటికంటే మోసపుచ్చే తప్పు ఇంకొకటుంది. మైకు తగిలించి ఉంటుంది, ధ్వని రికార్డవుతుంది, కానీ రికార్డయ్యేది ఫోనులోని మైకుతో. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల కెమెరా యాప్ బయటి మైకును తనంతట తాను తీసుకోదు, సెట్టింగుల్లో ఎంచుకోవాలి, లేదా వేరే యాప్ వాడాలి. ఇది తెలియక మా వీధి నెల్లూరు కుర్రాడు ఒకడు మూడు నెలలు కాలరుకు మైకు పెట్టుకొని అలంకారప్రాయంగా ఆడిషన్లు ఇచ్చాడు. ఒకరోజు వాడి మిద్దె మీది గదికి వెళ్ళి, రికార్డింగు నొక్కమని, మైకు గుబ్బను గోటితో మెల్లగా గీకి, తర్వాత ఫోను అడుగున గీకాను. తిరిగి వింటే మైకు మీద గీకినప్పుడు దూరంగా ఎలుక కదిలినట్టుంది. ఫోను మీద గీకినప్పుడు చెవి పగిలింది. "అంటే ఇన్నాళ్ళూ ఇది ఉత్త పిన్నీసేనా అన్నా?" అన్నాడు. ఔననక తప్పలేదు. ఈ గోటి పరీక్షకు అయిదు సెకన్లు పడుతుంది. ప్రతి టేపుకు ముందూ చేయవలసిందే.

వైర్‌లెస్ మైకులు ఇప్పుడు చవకగా వస్తున్నాయి, నడుస్తూ చేసే సీన్లకు సౌకర్యమే. వాటిలో చాలా రకాలు వైఫైలు కిక్కిరిసి ఉండే 2.4 గిగాహెర్ట్జుల పట్టీలోనే పనిచేస్తాయి కాబట్టి, అపార్ట్‌మెంటులో అప్పుడప్పుడు మాట తెగవచ్చు. వాటి మీద ఉండే శబ్ద నివారణ మీటను ఆపివేయడమే మంచిదని నా అభిప్రాయం: అది ఫ్యాను హోరుతోపాటు మాట చివరి అక్షరాన్నీ, ఏడుపు ముందు వచ్చే ఊపిరినీ మింగేస్తుంది, ఆ ఊపిరి లేకపోతే ఆ సీనులో మిగిలేదేమీ ఉండదు. ఫోన్లకు మరొక గుణముంది. మౌనం వచ్చినప్పుడు వినికిడిని తమంతట తాము పెంచుకుంటాయి, అరుపు వచ్చినప్పుడు తగ్గించుకుంటాయి. డైలాగుకూ డైలాగుకూ మధ్య వీధి హోరు అలలా లేచి పడడానికి కారణం అదే. స్థాయిని మన చేతితో కట్టడి చేయనిచ్చే యాప్ ఉంటే, సీనులో అన్నిటికంటే పెద్ద అరుపును ముందు ఒకసారి అరిచి, అది గరగరలాడని చోట స్థాయిని నిలిపి, తర్వాత మొదలుపెట్టాలి.

మైకు ఎక్కడ తగిలించాలన్నది ఆడవారికి మరింత చిక్కైన ప్రశ్న. పట్టుచీర పైటకు తగిలిస్తే ప్రతి ఊపిరికీ బరబరమంటుంది. గంజి పెట్టిన నూలు చీర ఇంకా ఘోరం. నల్లపూసలు, సూత్రాలు మైకుకు తగిలి టకటకమంటాయి, చేయి ఊపితే గాజుల మోత. పాత్రకు ఆ నగలు అవసరమైతే మైకును వాటికి ఎడంగా, జాకెట్టు మెడ అంచున పక్కకు జరిపి, వైరును లోపలివైపు ఒక చుట్టు చుట్టి టేపుతో అంటించాలి. ఆ చుట్టు లాగుడును తీసుకొని మైకును కదలనివ్వదు. ప, భ ల గాలి నేరుగా తగలకుండా గుబ్బకు స్పంజి తొడుగు ఉంచాలి. ఛార్జరు పెట్టి రికార్డు చేస్తే వైరు మైకులో సన్నని గుంయ్యిమనే మోత రావచ్చు, ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు మరీ. కాబట్టి ఛార్జరు తీసేసి, ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడులో పెట్టాలి. మంచి టేకు మధ్యలో ఏదో లోను ఇస్తామంటూ వచ్చే ఫోన్ పిలుపు బాధ కూడా దాంతో తప్పుతుంది.

వెలుతురుకు రింగ్ లైటు కొనాలనే నమ్మకం ఎలా పాతుకుపోయిందో గాని, నేను దాన్ని సిఫారసు చేయను. అది మేకప్ చూపించడానికి పుట్టిన సామాను. ముఖం మీద నీడలన్నీ చెరిపేసి ముఖాన్ని పళ్ళెంలా చదును చేస్తుంది, కనుపాపల్లో రెండు తెల్లని గాజులు మెరుస్తాయి, కళ్ళజోడు ఉంటే నాలుగు. వెలుగు మృదువుగా ఉండాలంటే దీపం శక్తి పెరగడం కాదు, వెలుగిచ్చే తలం ముఖంతో పోలిస్తే పెద్దదిగా ఉండాలి. ఆ లెక్కన మూడడుగుల కిటికీని మించిన దీపం మామూలు ఇళ్ళలో లేదు. ఎండ నేరుగా పడని కిటికీకి ఏటవాలుగా నిలబడాలి. ఎండ పడుతుంటే కిటికీకి ఒక తెల్ల పంచె కట్టాలి. రెండో చెంప మరీ చీకటైతే ఆ వైపు ఒక తెల్లని థర్మోకోల్ షీటు నిలబెట్టాలి. పెద్ద షూటింగుల్లోనూ బౌన్స్‌కు, అంటే వెలుగును తిప్పికొట్టడానికి, వాడేది అదే షీటు. సాయంత్రాలు రికార్డు చేయవలసి వచ్చేవారు ఒక ఎల్ఈడీ ప్యానెల్ కొనుక్కోవచ్చు. అది కూడా అదే పంచె వెనుక నుంచి రావాలి.

వెలుగు రంగుల గోల ఒకటుంది. ఇళ్ళల్లోని తెల్ల బల్బులు సాధారణంగా 6500 కెల్విన్, పసుపు బల్బులు 2700 నుంచి 3000. పగటి వెలుగు సుమారు 5600 అంటారు. ఒక చెంప మీద కిటికీ వెలుగు, రెండో చెంప మీద పసుపు బల్బు పడితే ఫోను ఏ రంగును తెలుపనుకోవాలో తెలియక తికమకపడుతుంది. కిటికీ వాడితే బల్బులన్నీ ఆర్పేయాలి, అంతే. నెత్తిమీది ట్యూబులైటును ఎలాగూ ఆర్పాలి, అది కళ్ళ గుంతల్లో నీడ నింపుతుంది.

ఎల్ఈడీల కింద తీసిన వీడియోలో నల్లని చారలు పైకి పాకుతుండడం చూసే ఉంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది కాబట్టి చవక బల్బు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఫోను షట్టరు సెకనులో 60వ వంతు సేపు తెరుచుకుంటే ఒకటిన్నర మినుకుకు కాస్త పైగా లోపలికి వస్తుంది, అది పూర్తి లెక్కకు రాదు, దాంతో చారలు పడతాయి. 50వ వంతు పెడితే సరిగ్గా రెండు మినుకులు, 100వ వంతు పెడితే సరిగ్గా ఒకటి, చారలు మాయమవుతాయి. ఈ లెక్కలను మన చేతితో మార్చుకోనిచ్చే ప్రో మోడు ఉన్న ఫోన్లలో షట్టరును 1/50కి, ఫ్రేములను సెకనుకు 25కు పెట్టుకోవచ్చు. కొన్ని ఫోన్లలో 50 హెర్ట్జులని నేరుగా ఎంచుకునే వీలూ ఉంటుంది.

వెలుతురు విషయంలో మన ముఖాలకు సంబంధించిన ఒక ముఖ్యమైన సంగతిని ఎవరూ చెప్పరు. ఫోను తన ముందున్న దృశ్యమంతటినీ సగటున మధ్యస్థమైన బూడిద స్థాయికి తేవాలని చూస్తుంది. తెల్లగోడ ముందు చామనఛాయ మనిషి నిలబడితే గోడ తెలుపును తగ్గించబోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. నటుడు పక్కకు కదిలి గోడ ఎక్కువ కనబడగానే ఇంకా చీకటి చేస్తుంది. మనిషి నల్లగా వచ్చాడని ఫెయిర్‌నెస్ ఫిల్టర్ వేయడం దీనికి పరిష్కారం కాదు, అవతలివారికి కావలసింది మీ అసలు ముఖం. తెరమీద ముఖం ఉన్న చోట వేలు అదిమిపట్టి ఉంచితే ఫోకసు, వెలుతురు రెండూ ముఖానికి అనుగుణంగా బిగుసుకుంటాయి, ఆ తర్వాత కదిలినా మారవు. వెనుక తెల్లగోడకు బదులు లేత బూడిద రంగో నీలమో ఉన్న దుప్పటి, మడతలు లేకుండా ఇస్త్రీ చేసి కడితే మరీ మంచిది. దుప్పటికి మూరెడు ముందుకు నిలబడితే నీడ దానిమీద అంత గట్టిగా పడదు.

ఇక కెమెరా. గత నాలుగైదేళ్ళలో వచ్చిన ఏ మధ్యతరగతి ఫోనైనా 1920×1080 పరిమాణంలో శుభ్రమైన వీడియో తీస్తుంది, అవతలివారు చూసే తెరకు అది చాలా ఎక్కువ. తీయవలసింది వెనుక కెమెరాతో. ముందు కెమెరా సాధారణంగా చిన్నది, పైగా మన ముఖం మనకే కనిపిస్తుంటే కళ్ళు అటే పోతాయి. ఫోనును అడ్డంగా పెట్టాలి. అసలు విషయం మళ్ళీ దూరమే. ముక్కు కొసకూ చెవికీ మధ్య 12 సెంటీమీటర్లు ఉందనుకుంటే, ఫోను ముక్కుకు 40 సెంటీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు చెవితో పోలిస్తే ముక్కు 30 శాతం పెద్దగా కనిపిస్తుంది. బారెడు దూరం, అంటే 180 సెంటీమీటర్లు జరిగితే ఆ తేడా 7 శాతం లోపు పడిపోతుంది. సెల్ఫీలో తమ ముక్కును చూసి దిగులుపడేవారంతా ఈ లెక్క చూసి ఊరట పొందవచ్చు. బారెడు వెనక్కి జరిపి రెండింతల జూమ్ పెడితే ఛాతీ నుంచి తలదాకా ఫ్రేము నిండుతుంది. ఆ జూమ్ వల్ల బొమ్మ చెడిపోతుందనే భయం సగమే నిజం: 1080 వీడియోకు కావలసినవి 20 లక్షల చుక్కలు, 12 మెగాపిక్సెళ్ళ కెమెరాలో నాలుగో వంతు తీసుకున్నా 30 లక్షలుంటాయి. వెలుతురు చాలనప్పుడు మాత్రం చుక్కలు గింజల్లా తేలుతాయి. వెనుక భాగాన్ని కృత్రిమంగా మసకబార్చే మోడులు, ముఖాన్ని నునుపు చేసే మోడులు ఆపేయాలి. మొదటివి చెవులనూ జుట్టునూ కత్తిరించేస్తాయి, రెండోవి హావభావాలను కప్పేస్తాయి.

మిర్రర్‌లెస్ కెమెరా ఉంటే వాడుకోవచ్చు, దానికోసం కొనకూడదు. పైగా మన సముద్రపు గాలి తేమలో బీరువాలో పెట్టిన లెన్సుకు బూజు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు ఆ ఖర్చులో కలుపుకోవాలి. ధ్వనిని వేరే రికార్డరులో తీసి తర్వాత జోడిద్దామనే ఆలోచన కూడా ఇక్కడ అనవసరం. చాలా ఫోన్లు ఫ్రేముల వేగాన్ని వెలుతురును బట్టి మార్చుకుంటాయి కాబట్టి మొదట కొట్టిన చప్పట్టును ఆనవాలుగా పెట్టుకొని ధ్వనిని బొమ్మకు జోడించినా, మాటకూ పెదవులకూ పొత్తు మూడో నిమిషానికి తప్పిపోవచ్చు.

స్టాండుకు కావలసిన లక్షణాలు రెండే: ఫోను కన్ను మీ కన్నుల ఎత్తుకు రావాలి, ఊగకూడదు. చవక స్టాండు పూర్తిగా సాగదీస్తే గడగడలాడుతుంది కాబట్టి మధ్య కడ్డీకి అయిదు కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే కుదుటపడుతుంది. ఫోనును పట్టే కొక్కెం లోహంతో చేసినదైతే ఎక్కువ కాలం మన్నుతుంది.

సామానులో లెక్కకు రాని సామాను ఎదుటి డైలాగు చదివే మనిషి. చెన్నైలో మనకు దొరికే స్నేహితుల్లో సగంమందికి తెలుగు చదవడం రాదు. మాటలను తమిళ లిపిలో రాసిస్తే చదువుతారు. పలుకు తేడాగా ఉన్నా పర్వాలేదు, ఎందుకంటే పరీక్ష వారికి కాదు. షూటింగుల్లో ప్రాంప్టింగుకు అలవాటు పడినవారు వారిచేత తమ డైలాగులు కూడా అందించుకోవాలని చూస్తారు. టేపులో అది దొంగతనంగా వినిపిస్తుంది, దొరికిపోతారు. చదివే మనిషి ఫోనుకు ఆనుకొని, లెన్సుకు ఒక పక్కగా, మీ కంటి ఎత్తులో నిలబడితే లుక్, అంటే చూపు పోయే దిశ, సరిగ్గా కుదిరి రెండు కళ్ళూ కనిపిస్తాయి. వారి గొంతు మెల్లగా ఉండాలి. ఫోను మైకుతో తీసే టేపుల్లో ఆ మనిషి మైకుకు జానెడు దూరంలో, నటుడు బారెడు దూరంలో ఉంటారు కాబట్టి, పైన చెప్పిన 18 డెసిబెల్లూ తప్పుడు మనిషికి దక్కుతాయి. నిన్నగాక మొన్న చూసిన ఒక టేపులో కథానాయిక అన్నగా చదివిన రూమ్మేటు గొంతు ఉరిమినట్టుంది, నటి గొంతు పక్కింట్లో ఉన్నట్టుంది. కాలరు మైకు ఉంటే ఈ తారుమారు దానంతట అదే సరిపోతుంది.

పంపడంలో చెడిపోయే టేపులూ తక్కువేమీ కాదు. ఐఫోను సెట్టింగుల్లోనే రాసి ఉంటుంది: హై ఎఫిషియెన్సీ పద్ధతిలో 1080, 30 ఫ్రేముల వీడియో నిమిషానికి సుమారు 60 మెగాబైట్లు, అంతకు నాలుగింతల చుక్కలుండే 4కె అయితే 170. మూడు నిమిషాల టేపుకు మొదటిది 180, రెండోది 510. 4కె తీసి అవతలివారి ఫోనును నింపడం వల్ల ఒరిగేదేమీ లేదు. వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి వీడియోగా పంపితే అది నలిగి, పడిన శ్రమంతా మసకబారుతుంది. డాక్యుమెంటుగా పంపితే 2 గిగాబైట్ల దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది. డ్రైవ్ లింకు పంపేవారు అనుమతి తెరవడం మరచిపోతారు. అవతలివారు నొక్కితే అనుమతి అడగమనే పేజీ వస్తుంది, వారు అడగరు. పంపేముందు ఆ లింకును మీ ఖాతా లేని ఇంకొకరి ఫోనులో, అమ్మ ఫోనులోనైనా సరే, తెరిచి, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని మొదటి పది సెకన్లు వినండి.